ఇన్న సాకు

నాకు ఒకచోట కాలు నిలవదు. పుట్టుకతో వచ్చిన గుణమేమీ కాదిది. ఉద్యోగమూ, పెళ్లీ, రైలు లైనూ కలిసి నాకు అంటగట్టాయి. కాపురం హిందూపురంలో, పని పెనుకొండలో, పుట్టిల్లు ధర్మవరంలో. మూడూ ఒకే పట్టాల మీది ఊళ్లు. అయినా ఏ ఒక్కచోటా కుదురుగా కూర్చున్నట్టు గుర్తు లేదు. పెనుకొండ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, ఇంట్లో గ్యాస్ కట్టేసి వచ్చానా లేదా అని ఆలోచిస్తాను. హిందూపురంలో ఉంటే రేపటి బస్సు గురించి ఆలోచిస్తాను. ధర్మవరం పోతే మా అమ్మ అన్నం పెడుతున్నంతసేపూ గోడ గడియారం వైపే చూస్తాను. "నిలబడి తినేదానికి ఇంత దూరం ఎందుకొస్తావే? ఆడనే ఉండరాదా?" అని మా అమ్మ కసురుకుంటుంది. కసురుకుంటూనే ఇంకో గరిటె వడ్డిస్తుంది.

మాది మగ్గం ఇల్లు. మా నాయన ఇప్పటికీ గుంట మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట విన్నది లేదు. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు మా ఆయన వైపువాళ్లు కూడా శుభ్రంగా తెలుగే మాట్లాడారు. పెళ్లయి హిందూపురం వచ్చాక గానీ అసలు సంగతి తెలియలేదు. వాకిలి దాకా తెలుగు, గడప దాటి లోపలికొస్తే కన్నడం. ఎవరైనా తలుపు తట్టారంటే అందరి నాలుకలూ ఒక్కసారిగా తెలుగులోకి మారిపోయేవి. వచ్చినవాళ్లు వెళ్లగానే మళ్లీ కన్నడం. నేను మాత్రం వచ్చినవాళ్ల లెక్కలోనూ లేను, ఇంటివాళ్ల లెక్కలోనూ లేను.

మొదటి వారంలోనే నా పరువు పోయింది. మా అత్త పెరట్లో బట్టలు ఉతుకుతూ "అడిగె మాడమ్మా" అని కేకేసింది. నా చెవికి అది అడుగు మాడుతోందని వినబడింది. మంచం మీద నుంచి దూకి వంటింట్లోకి పరుగెత్తాను. పొయ్యి మీద ఏమీ లేదు. అసలు పొయ్యే వెలిగించి లేదు. బిత్తరపోయి పెరటి తలుపు దగ్గరికొచ్చి, "ఏమీ మాడలేదత్తా, పొయ్యి మీద గిన్నె కూడా లేదు" అన్నాను. "అదేనమ్మా నేనూ చెప్తాండేది! పొద్దెక్కినా గిన్నె పెట్టలేదనే!" అంది ఆమె. అడిగె మాడు అంటే వంట చెయ్యమని అర్థమని మా ఆయన నాకు చెప్పేసరికి ఇల్లంతా నవ్వుతోంది. నేను నవ్వలేదు. నాకు రోషం ఎక్కువ. ఇంకెవరూ నన్ను చూసి నవ్వకూడదని ఏడాదిన్నరలో కన్నడం నేర్చేసుకున్నాను.

ఆ రోషం ఉద్యోగంలో పనికొచ్చింది. పెనుకొండలో నేను పనిచేసేది ఒక ప్రభుత్వ కార్యాలయం. పర్మినెంటు ఉద్యోగం కాదు, కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని. మడకశిర వైపు నుంచి, సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చే రైతులు తెలుగు మొదలుపెట్టి మధ్యలో కన్నడంలోకి జారిపోతారు. "ఆ మేడమ్ దగ్గరికి పోప్పా, ఆయమ్మకు రెండూ వస్తాయి" అని అటెండరు వాళ్లను నా బల్ల దగ్గరికి పంపిస్తాడు. ఒకసారి ఒక పెద్దాయన, భూమి ఎవరి పేరుతో ఉందని అడిగితే "నమ్మవ్వన హెసరు" అన్నాడు, మా అవ్వ పేరు అని. మా గుమాస్తా కాగితం మీద నాయనమ్మ అని రాసేశాడు. మనకు అవ్వ అంటే నాయనమ్మో అమ్మమ్మో గానీ వాళ్లకు అవ్వ అంటే కన్నతల్లి. నేను చూసి దిద్దించకపోతే ఆ ముసలాయన ఇంకో ఏడాది తిరిగేవాడు. అలాంటివి పట్టుకున్నప్పుడల్లా నాకు కొంచెం గర్వంగా ఉండేది. రెండు భాషల మధ్య ఏ మాట ఎక్కడ కాలు జారుతుందో నాకంటే బాగా ఎవరికీ తెలియదనుకునేదాన్ని.

ఇంతకీ నాకు పిల్లల్లేరు. ఈ మాటను మెత్తగా చెప్పే పద్ధతులు చాలా ఉన్నాయి, అవేవీ నాకు నచ్చవు. బెంగళూరు ఆసుపత్రులకు ఏడేళ్లు తిరిగాం. హిందూపురం బస్టాండులో తెల్లవారుజామున బెంగళూరు బస్సుల వరుస చూస్తే ఇప్పటికీ ముఖం తిప్పుకుని పోతాను. ఏడో ఏట ఒకరోజు, రిపోర్టుల సంచీ బీరువా పైకి విసిరేసి, ఇంక రానని చెప్పాను. మా ఆయన బతిమాలలేదు. పట్టుగూళ్ల మార్కెట్లో గూళ్ల నుంచి దారం తీసే ఒక రీలింగ్ యూనిట్ తరఫున గూళ్లు కొనే పని ఆయనది. పొద్దున్నే అక్కడికి వెళ్లిపోయాడు. ఆ రోజు సంచీ దించి బీరువా లోపల పెట్టింది మా అత్త.

మా ఆయనకు ఒక చెల్లెలు. నాకన్నా ఆరేళ్లు చిన్నది. మడకశిర దాటాక కర్ణాటకకు కూతవేటు దూరంలో ఉన్న పల్లెలో ఇచ్చారు. రెండెకరాల మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు, ఇద్దరు ఆడపిల్లలు. నన్ను అత్తిగె అని పిలుస్తుంది. అంటే వదిన. ఆమెకు తెలుగు నాకెంత వచ్చో అంత వచ్చు. అయితే బాగా అలసిపోయినప్పుడూ, ఏడుపొచ్చినప్పుడూ మాత్రం కన్నడంలోనే మాట్లాడుతుంది. ఆ ఇంట్లో ఆమె మొగుడికీ, అత్తకూ మగపిల్లవాడు కావాలి. ఆ సంగతి మాకందరికీ తెలుసు. తెలిసీ ఎవరమూ దాని గురించి మాట్లాడేవాళ్లం కాదు.

మూడో కాన్పుకు ఆమె పుట్టింటికి రాలేదు. షెడ్డులో పురుగులున్నాయి, వదిలి రాలేనంది. మూడోసారీ ఆడపిల్లే పుట్టింది. నేను ఆఫీసుకు నాలుగు రోజులు సెలవు పెట్టి సాయానికి వెళ్లాను. పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచి ఆబగా మేస్తున్న రోజులవి. చర్మం విడిచే ముందు అవి మేత మాని నిద్రపోతాయి, దాన్నే అక్కడ జ్వరం అంటారు. నాలుగోది దాటాక ఎంత ఆకు వేసినా చాలదు. షెడ్డంతా వాన పడుతున్నట్టు మేత చప్పుడు. ఆమె పన్నెండు రోజుల బాలింత. చెవులకు గుడ్డ కట్టుకుని, గుమ్మంలో పీట వేసుకుని, ఒళ్లో బిడ్డతో మాకు పనులు పురమాయిస్తోంది. "కొమ్మలు అడ్డంగా పరుచు అత్తిగె, నిలువుగా కాదు" అని నన్ను దిద్దుతోంది. "హుళు సాకోదూ ఒందే, మక్కళు సాకోదూ ఒందే" అని నవ్వింది ఒకసారి. పురుగులను సాకడమైనా, పిల్లలను సాకడమైనా ఒకటేనట. సాకడం అనే మాట మాత్రం మా రెండు భాషలకూ పొత్తు.

మధ్యాహ్నం కూలివాళ్లు సద్ది తినడానికి వెళ్లారు. వాళ్ల అత్త తోట దగ్గరికి పోయింది. ఇంట్లో మేమిద్దరమే. ఆమె బిడ్డను తీసి నా ఒళ్లో పెట్టింది. కాసేపు బిడ్డను చూసింది, కాసేపు నన్ను చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇన్న సాకు, అత్తిగె" అంది.

కన్నడంలో సాకు అంటే చాలు అని. అది నాకు తెలియక కాదు. మా అత్త సాంబారు పోస్తుంటే "సాకు అత్తా, సాకు" అని రోజూ అనేదాన్ని నేనే. ఆడబిడ్డ అన్నది, ఇంక చాలు వదినా అని. ఆమె మనసులో ఉన్నది ఇది: ముగ్గురు పిల్లలు చాలు, ఆపరేషన్ చేయించుకుంటాను, మా వాళ్లు ఒప్పుకోవడం లేదు, నువ్వు చదువుకున్నదానివి, నా తరఫున మాట్లాడు అని. నా చెవి మాత్రం తెలుగులో వింది. ఇన్న అంటే ఎటూ ఇంక అనే, సాకు అంటే పెంచు. ఇంక నువ్వు సాకు, వదినా అని. పొద్దున్నుంచీ సాకడం, సాకడం అని విన్న చెవి. ఏడేళ్లు ఆసుపత్రుల చుట్టూ తిరిగిన చెవి. దానికి ఏది కావాలో అదే వినబడింది.

"సరే" అన్నాను. బిడ్డను ఇంకొంచెం దగ్గరికి తీసుకున్నాను. "సరే, నేను చూసుకుంటా. నువ్వు దిగులు పడద్దు."

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నీనే మాతాడ్‌బేకు, అవర హత్ర" అంది. వాళ్లతో నువ్వే మాట్లాడాలి అని. బిడ్డను ఇవ్వడానికి మొగుడినీ అత్తనూ ఒప్పించమంటోందని నేననుకున్నాను. ఇంతలో తోట నుంచి ముసలామె వచ్చేసింది, ఆకు మోపు దించే హడావుడిలో మాట తెగిపోయింది. నేను బిడ్డను ఒళ్లోంచి దించలేదు.

ఆ తర్వాత ఐదు నెలలు నాకు భూమ్మీద కాలు ఆనలేదు. తల్లిపాలు ఆరో నెల వచ్చేదాకైనా తాగాలి, ఆ తర్వాతే వాళ్లతో మాట్లాడి తెచ్చుకోవాలి అని నాకు నేనే గడువు పెట్టుకున్నాను. మా ఆయనకు చెప్పాను. "నాతో ఏమీ అనలేదే" అన్నాడు. "ఆడోళ్ల మధ్య మాటలు నీతో ఎందుకంటుంది" అన్నాను. ఆయన చెల్లెలికి ఫోన్ చేసి అడగొచ్చు. అడిగితే ఎక్కడ చెదిరిపోతుందోనని అడగలేదని చాలా ఏళ్ల తర్వాత నాతో అన్నాడు. ఆ సాయంత్రం మాత్రం దూలానికి ఊయల కొక్కెం కొట్టించాడు. వాళ్లింట్లో తెలిస్తే గొడవ, నేను మాట్లాడేదాకా ఫోన్లో ఆ సంగతి ఎత్తద్దని మా అత్తకూ చెప్పాను.

ఆడబిడ్డ నెలకోసారి ఫోన్ చేసేది. చుట్టూ మనుషులుండేవారేమో, గొంతు తగ్గించి ఒకే మాట అడిగేది. "మాతాడిద్యా?" మాట్లాడావా అని. "తొందర పడద్దు, టైము రానీ. నేను మరిచిపోలేదులే" అని నేను ధైర్యం చెప్పేదాన్ని. పాపం, బిడ్డను ఇచ్చేయాలని ఎంత తొందరగా ఉందో అని కూడా అనుకున్నాను. ఎంత తెలివితక్కువతనం! తల్చుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నోరు ఊరుకోలేదు నాకు. ఆఫీసులో చెప్పేశాను, అటెండరు స్వీట్లు ఎప్పుడని వెంటపడ్డాడు. పొద్దుటి బస్సులో రోజూ పక్కన కూర్చునే టీచరమ్మకు చెప్పాను. ధర్మవరంలో మా అమ్మ పెట్టె అడుగు నుంచి మెత్తబడిన నూలు చీరలు తీసి ఊయలకు ఏది బాగుంటుందని వీధిలో అందరినీ అడిగింది. మా నాయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మగ్గం మీద చీర అయిపోయాక మిగిలిన పడుగు మీద, చిన్న పావడకు సరిపడా గుడ్డ నేశాడు. సన్నటి జరీ అంచు కూడా వేశాడు. నా చేతికిస్తూ, "కొలత తెలీదమ్మా. కొంచెం పెద్దదిగానే నేసినా. ఎదుగుతాది కదా" అన్నాడు.

ఆరో నెల వచ్చిన మొదటి ఆదివారం బయల్దేరాను. మార్కెట్ పని ఉందని మా ఆయన రాలేదు. మడకశిర దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. ఒళ్లో సంచీ. అందులో ఊయల చీర, పావడ గుడ్డ, పాలసీసా. ఆటో ప్రతి మలుపులోనూ ఆగి మనిషిని ఎక్కించుకుంటుంటే డ్రైవరు మీద అరిచాను. "యాడికమ్మా అంత అర్జంటు?" అన్నాడతను. బిడ్డను తెచ్చుకోను పోతాండా అని చెప్పాను. ఆటోలో ఉన్నవాళ్లంతా నా ముఖం చూశారు.

ఆమె గుమ్మంలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన బిడ్డ బోర్లాపడి ఆడుకుంటోంది. ఆమె ముఖం పాలిపోయి ఉంది. నన్ను చూసి లేవలేదు.

"ఈగ బంద్యా?" అంది. ఇప్పుడొచ్చావా అని. "ఇప్పుడొచ్చి ఏం చేస్తావు? నాకు మూడో నెల."

ఏం మాట్లాడుతోందో ఒక క్షణం నాకు అర్థం కాలేదు. ఆమె కన్నడంలోనూ తెలుగులోనూ కలిపి కడిగేసింది. సాకు అని చెప్పలేదా, సరే అన్నది నువ్వు కాదా, వాళ్లతో మాట్లాడతానంటివి, ఇదో వస్తా అదో వస్తా అని నన్ను నిలబెడితివి, అదే నమ్ముకుని నేను నోరెత్తలేదు, నువ్వు మాట్లాడి ఉంటే ఈపాటికి ఆపరేషన్ అయిపోయేది, నాకు ఈ నాలుగోది వచ్చేది కాదు. ఆ మాటలు వింటుంటేనే ఇన్నాళ్లూ తెలుగులో విన్న మాట నా చెవిలో కన్నడంలోకి తిరిగింది. సంచీ పక్కన పెట్టి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఆమె కోపం ఆపుకుని, సంచీ వైపు చూసి, చేత్తో గుడ్డ బయటికి లాగింది.

"ఇదెల్లా యారిగె?"

ఇదంతా ఎవరికి అని. ఈ బిడ్డకేనని, తీసుకెళ్లడానికొచ్చానని చెప్పాను. మొదట ఆమెకు నవ్వొచ్చింది. నిజంగానే నవ్వింది. తర్వాత నా ముఖం చూసి ఆపేసింది.

ఇక్కడి దాకా మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ తర్వాత జరిగింది మా ఇద్దరికే తెలుసు. నేను అడిగాను. పొరపాటు తేలిపోయాక, సిగ్గు విడిచి అడిగాను. "నాలుగోది వస్తాండాది కదా, దీన్నన్నా నాకియ్యి" అన్నాను. వంగి కాళ్లు పట్టుకున్నాను. నాకన్నా ఆరేళ్లు చిన్నదాని కాళ్లు. ఆమె కాళ్లు వెనక్కి లాక్కుని, నేల మీది బిడ్డను ఒక్క ఊపున తీసి గుండెకు అదుముకుంది. ఎంత గట్టిగా అంటే, అంతదాకా ఆడుకుంటున్న బిడ్డ కెవ్వుమంది.

"ఈసారి తెలుగులో చెప్తాండా, బాగా ఇను. నా బిడ్డను నేను ఎవురికీ ఇయ్యను" అంది.

పావడ గుడ్డ అక్కడే వదిలేసి, ఊయల చీర, పాలసీసా మళ్లీ సంచీలో పెట్టుకుని వచ్చేశాను. బస్సులో ఏడవలేదు. కోపంగా ఉండింది. ముగ్గురుండగా, నాలుగోది కడుపులో ఉండగా, ఒక్కదాన్ని ఇవ్వడానికి చేతులు రాలేదా అని కోపం. ఇంటికొచ్చి, మాట నాకు తప్పుగా అర్థమైంది అని మాత్రం చెప్పాను. మా ఆయన కొక్కెం వైపు చూశాడు. మరుసటి రోజు ఆఫీసులో అందరికీ ఒక్కొక్కరికి చెప్పాల్సి వచ్చింది. బస్సులో టీచరమ్మ పక్కన కూర్చోవడం మానేసి, వెనక సీట్లకు వెళ్లిపోయాను.

నాలుగో కాన్పులో మగపిల్లవాడు పుట్టాడు. అప్పుడు ఆపరేషన్ చేయించుకోవడానికి ఆ ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. ఏడాదిన్నర పాటు నేనూ ఆమే మాట్లాడుకోలేదు. ఆమెకు నా మీద కోపం ఉండటం న్యాయం. నా పొరపాటును ఆమె ఒళ్లు మోసింది. నా కోపానికి మాత్రం న్యాయం లేదు, అయినా అది పోలేదు. అచ్చ తెలుగులో సాకు అంటే మూడో అర్థం కూడా ఉంది, నెపం అని. భాష నాకు నెపమేమో అని నాకే చాలాసార్లు అనిపించింది. నిజంగా రెండు అర్థాలూ తెలిసిన మనిషికి, ఒక్కసారి తిరిగి అడగడానికి ఏమొచ్చింది? అడిగితే, 'చాలు' అనే చెబుతుందని నాలో ఎక్కడో తెలుసేమో. అందుకే అడగలేదేమో.

ఏళ్లు గడిచేకొద్దీ అది ఇంట్లో నవ్వులాటగా మారిపోయింది. చుట్టాలెవరొచ్చినా మా అత్త మొదట అడిగె మాడు కథ చెబుతుంది, ఆ వెంటనే సాకు కథ చెబుతుంది. అందరూ నవ్వుతారు. కొన్నాళ్లకు నేనూ నవ్వడం నేర్చుకున్నాను. ఆడబిడ్డా నేనూ కలిసిపోయాం. పండగలకు వస్తారు, మేం వెళ్తాం. ఆ మూడో పిల్ల ఇప్పుడు పదేళ్లది. ఎండాకాలం సెలవులకు మా ఇంటికొస్తుంది. నన్ను అత్తా అని పిలుస్తుంది. ఒకచోట కుదురుగా కూర్చోదు, అన్నం కూడా తిరుగుతూ తింటుంది. దాన్ని చూసినప్పుడల్లా ఒక్క క్షణం నాకు ఆ పావడ గుడ్డ గుర్తొస్తుంది. ఆ తర్వాత మామూలుగా ఉంటాను.

మొన్న ఎండాకాలం దాన్ని ధర్మవరం తీసుకెళ్లాను. మా నాయన మగ్గం చూపించాడు. పిల్ల గుంటలో దిగి, కాళ్లతో తొక్కి చూస్తానని మారాం చేసింది. భోజనాల దగ్గర మా అమ్మ అలవాటు కొద్దీ, "నువ్వు మా మనవరాలివి కావాల్సిందానివేమ్మే! మీ అమ్మ సాకు అంటే మా పిచ్చిది సాకమనుకునింది" అని కథంతా చెప్పింది. పిల్ల మాతో పాటు నవ్వింది. ఇంకో అప్పచ్చి అడిగి తీసుకుంది. నేనేమీ గమనించలేదు.

సాయంత్రం హిందూపురం ప్యాసింజర్ ఎక్కాం. కిటికీ సీటు దానిది. వచ్చేటప్పుడు పెట్టెంతా తిరిగిన పిల్ల, పోయేటప్పుడు కదలకుండా కూర్చుంది. ఒంట్లో బాగాలేదేమోనని నుదురు పట్టి చూశాను. చెయ్యి తోసేసింది. పెనుకొండ స్టేషన్లో దిగేవాళ్లు దిగి, పెట్టె సగం ఖాళీ అయ్యాక నా వైపు తిరిగింది.

"అత్తా, అమ్మ ఆ మాట కన్నడంలో అనిందా, తెలుగులో అనిందా?"

"కన్నడంలోనే."

"అంటే నన్ను చూసి, ఇంక చాలు అనింది."

"నిన్ను కాదే. కాన్పులు చాలని అనింది."

"తమ్ముడు పుట్టినప్పుడు ఎవురూ అట్ల అనలేదు కదా." దాని గొంతులో ఏడుపు లేదు. లెక్క చూసుకుంటున్నట్టు అడుగుతోంది. "సరే, తెలుగులో అనింటే? నీకు ఇచ్చేసినట్టు కదా?"

"అవును."

"రెండిట్లోనూ అమ్మకు నేను వద్దు."

పదేళ్లు ఆ మాటను నేను అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాను. నా ఆశ చూశాను, ఆమె నాలుగో కాన్పు చూశాను, నా తప్పు చూశాను, నా సిగ్గు చూశాను. ఆ మాట అంటున్నప్పుడు మా ఇద్దరి మధ్యా ఒళ్లో ఉన్నది ఎవరో మాత్రం చూడలేదు. ఇన్నేళ్లుగా ఆ పిల్ల ముందే ఆ కథ చెప్పుకుని నవ్వుకుంటున్నాం. అది కూడా మాతో నవ్వుతోంది కదా అనుకున్నాం.

ఏదో ఒకటి చెప్పి మరిపించొచ్చు. సమోసాలు వచ్చాయి, కొనిపెట్టొచ్చు. కానీ దాని కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి. మా ఆయనకు చెప్పనిది, నా కన్నతల్లికి చెప్పనిది, ఆ పిల్లకు చెప్పాను. ఊయల చీరతో వెళ్లిన ఆదివారం గురించి చెప్పాను. తప్పు తెలిశాక కూడా నిన్ను నాకివ్వమని అడిగానని చెప్పాను.

"ఏమని అడిగినావు?"

"కాళ్లు పట్టుకొని అడిగినా."

"అమ్మ కాళ్లా?" దాని కళ్లు పెద్దవయ్యాయి.

"మీ అమ్మ కాళ్లే. నువ్వు కింద ఆడుకుంటాంటివి. మీ అమ్మ నిన్ను లాక్కొని ఇట్ల పట్టుకునింది." చూపించాను. "నీకు నొప్పి పుట్టి ఏడిస్తివి. అయినా వదల్లేదు. నాకు కోపం వచ్చింది. ఇన్నేండ్లూ ఉండాది ఆ కోపం."

"ఏమనింది?"

"నా బిడ్డను నేను ఎవురికీ ఇయ్యను అనింది. నాకు మళ్లా తప్పుగా అర్థం కాకూడదని తెలుగులో చెప్పింది."

చెబుతుంటేనే నాకు అర్థమైంది. పదేళ్లుగా నన్ను అవమానించిన మాటగా దాచుకున్నది, ఈ పిల్లకు చేరాల్సిన మాట. అది నాది కాదు. పిల్ల కిటికీ వైపు తిరిగింది. నేను కొంగుతో కళ్లు తుడుచుకుని, ఎవరైనా చూశారేమోనని పెట్టెలో అటూ ఇటూ చూశాను.

"దాన్ని కన్నడంలో ఎట్లంటారు?" అని అడిగింది. దానికి రాక కాదు. నా నోటితో వినాలనుకుంది.

"నన్న మగూన యారిగూ కొడల్ల" అని చెప్పాను.

పెదవులు కదుపుతూ ఆ మాటను తనలో తాను ఒకసారి కన్నడంలో అనుకుంది, ఒకసారి తెలుగులో అనుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, నా ముఖంలోకి చూసి అడిగింది.

"అత్తా, దీనికి ఇంకో అర్థం లేదు కదా?"

"లేదు" అన్నాను. "రెండిట్లోనూ ఒకటే."